వెయ్యి మైళ్ల అవతలి పాత వేక్ బోటు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మా తాత సంతలో ఎద్దును కొనేటప్పుడు ముందు పళ్లు చూసేవాడు, తర్వాత సుడులు చూసేవాడు. అవి నచ్చినా డబ్బు తీసేవాడు కాదు. బరువేసిన బండికి కట్టించి, కాస్త ఎత్తున్న బాట మీద నడిపించి చూసేవాడు. డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో మా ఇంట్లో కూర్చుని, మినెసోటాలో ఎవరి షెడ్డులోనో ఉన్న బోటు ఫొటోలు ఫోన్లో జరుపుతుంటే ఆయనే గుర్తొచ్చాడు. నా దగ్గరున్నవి నలభై ఫొటోలు, "రన్స్ గ్రేట్" అన్న రెండు మాటలు, 62,000 డాలర్ల ధర. పళ్లు చూసే దారి లేదు, బండి కట్టే దారి అంతకన్నా లేదు.

డాలస్ వైపు మనవాళ్ల కథ దాదాపు ఒకేలా మొదలవుతుంది. లూయిస్‌విల్ లేక్ మీద నాలుగు గంటలు బోటు అద్దెకు తీసుకుంటాం. పిల్లలు బోటు వెనక లేచే అల మీద సర్ఫింగ్ నేర్చుకుంటారు. రెండు వేసవులయ్యాక ఎవరో ఒకరు అద్దె రసీదులన్నీ కూడి "ఈ డబ్బేదో..." అని మొదలుపెడతారు. పేరున్న కంపెనీల్లో కాస్త హంగులున్న కొత్త వేక్ బోటు, అంటే వెనక అలాంటి పెద్ద అల లేపడానికే చేసిన బోటు, లక్షన్నర డాలర్లు దాటడం ఇప్పుడు మామూలు విషయం. దాంతో చూపు ఎనిమిది, పదేళ్ల పాతవాటి మీదికి పోతుంది. అవి మన ఊళ్లో తక్కువ, దూరంగా ఎక్కువ.

మేం మూడు కుటుంబాలవాళ్లం కలిసి ఒక వేసవంతా వెతికి చివరికి నాలుగింటిని పక్కపక్కన పెట్టుకున్నాం. అన్నీ 22, 23 అడుగులవే, అన్నీ 2015 నుంచి 2017 మధ్యవే. మినెసోటా లేక్ హౌస్ ఓనర్‌ది ఇంజన్ నడిచిన లెక్కలో 310 గంటలు, 62,000. అరిజోనాలో ఒక డీలర్ దగ్గర 190 గంటలది, 66,000. ఫ్లోరిడాలో ప్రైవేటు వ్యక్తిది 260 గంటలు, 54,000. నాలుగోది మాకు ముప్పావు గంట దూరంలోనే, 280 గంటలు, 69,000. కంపెనీ పేర్లు కావాలనే చెప్పడం లేదు. అవి చెబితే చర్చంతా పేర్ల మీదికి పోతుంది.

ముందు ఒక కొలత పెట్టుకోండి

దూరపు బేరంలో అందరూ అడిగే ప్రశ్న "ఎంతకి వస్తుంది" అని. మేం దాన్ని పక్కన పెట్టి ఇంకోటి అడిగాం: ఈ బోటును వద్దనాలంటే మనకెంత ఖర్చవుతుంది? ఇంటి దగ్గరి బోటైతే అరగంట పెట్రోలు. నచ్చకపోతే "ఆలోచించుకుని చెబుతాం" అని వచ్చేయొచ్చు. మినెసోటాకు ట్రక్కు వేసుకుని, సెలవు పెట్టి, బావమరిదిని కూడా లాక్కెళ్లి, పద్నాలుగు గంటలు నడిపి అక్కడ దిగాక ఇంజన్లో ఏదో తేడా శబ్దం వినిపించిందనుకోండి. అప్పుడు వద్దనడం ఎంత కష్టమో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. "ఇంత దూరం వచ్చాం కదా" అన్న మాట నోట్లోంచి రాకముందే చెయ్యి జేబులోకి వెళ్లిపోతుంది. అమ్మేవాళ్లలో కొందరికి ఈ సంగతి బాగా తెలుసు.

ఎవరితో చూపించాలి, ఏ నెలలో కొనాలి, అడ్వాన్సు ఎంతివ్వాలి, ఎలా తెచ్చుకోవాలి అన్న ప్రతి చోటా వద్దనడానికి తక్కువ ఖర్చయ్యే దారే పట్టాం. దానివల్ల కొన్నిసార్లు మంచి ధర పోతుంది. పోనివ్వండి.

ఏ నీళ్లలో తిరిగింది

గంటల లెక్క కన్నా ముందు చూడాల్సింది ఊరు. మినెసోటాలో సీజన్ మే నుంచి సెప్టెంబరు దాకానే. మంచినీళ్లు, ఎండ తక్కువ, మిగతా ఏడాదంతా షెడ్డులో. సీట్ల వినైల్, జెల్‌కోట్ (బోటు మీది మెరిసే పూత) కొత్తవాటిలా ఉంటాయి. అక్కడి ప్రమాదం చలి. ఈ ఇంజన్లలో చాలావరకు లేక్ నీటినే లోపలికి లాక్కుని చల్లబడతాయి. శీతాకాలం ముందు ఆ నీళ్లన్నీ దించెయ్యకపోతే అవి గడ్డకట్టి ఇంజన్ బ్లాకునే పగలగొడతాయి. బ్లాకు పక్కన సన్నని తుప్పు చార కనిపించినా, ఆ ఒక్కచోటే కొత్త పెయింట్ వేసినట్టున్నా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉన్నా అక్కడితో ఆ బోటును మర్చిపోండి. చాలామంది వదిలేసేది ఇంకొకటుంది, హీటర్. ఉత్తరాది బోట్లలో కాళ్లకు వెచ్చగాలి కొట్టే హీటర్, వెనక షవర్ ఉంటాయి. ఇంజన్లో నీళ్లు దించినవాళ్లు కూడా హీటర్ గొట్టాల్లో నీళ్లు ఊదడం మర్చిపోతారు. మేం కొన్న బోటులో దొరికిన లోపం సరిగ్గా అదే. హీటర్ కోర్ చిట్లి, డ్యాష్ కింద తడి. పెద్ద ఖర్చు కాదు గానీ బేరానికి బాగా పనికొచ్చింది. ప్రతి ఏడాదీ వింటరైజ్ చేయించిన, అంటే చలికి ముందు ఇలా నీళ్లు దించి సిద్ధం చేయించిన, షాపు రసీదులు అడగండి. "నేనే చేసుకుంటాను" అంటే ఏయే ప్లగ్గులు తీస్తాడో చెప్పమనండి. నిజంగా చేసేవాడు తడుముకోకుండా చెబుతాడు.

అరిజోనాకు చలి బాధ లేదు, ఎండ బాధ ఉంది. వినైల్ కుట్లు ఎండకు ఉడికి, గట్టిగా లాగితే నూలు పోగులా తెగుతాయి. డ్యాష్ స్క్రీన్లు పాలిపోతాయి, ముదురు రంగు జెల్‌కోట్ సుద్దలా తయారవుతుంది. సీట్లన్నీ మళ్లీ కుట్టించాలంటే వేలల్లో పని. దీంతోపాటు మసెల్స్ గొడవ కూడా ఉంది, అంటే బోట్లకు అంటుకుని లేకు నుంచి లేకుకు పాకే చిన్న ఆల్చిప్పలు. 2007 జనవరిలో లేక్ మీడ్‌లో క్వాగా మసెల్స్ బయటపడినప్పటి నుంచి పడమటి రాష్ట్రాల్లో బోట్ల తనిఖీ కేంద్రాలు వెలిశాయి. పెద్ద అల కోసం బోటును బరువెక్కించడానికి నీళ్లు నింపే బల్లాస్ట్ ట్యాంకుల అడుగున ఎప్పుడూ కాస్త నీరు మిగులుతుంది కాబట్టి వేక్ బోట్లను ఇంకాస్త పట్టి చూస్తారు. మన టెక్సస్ కూడా శుద్ధంగా ఏమీ లేదు. జీబ్రా మసెల్స్ 2009లో లేక్ టెక్సోమాలో కనిపించి, తర్వాత లూయిస్‌విల్, రే రాబర్ట్స్, ట్రావిస్ దాకా పాకాయి. ఏ లేక్ నుంచి బయటికొచ్చినా నీళ్లన్నీ దించాలన్నది ఇక్కడి చట్టం.

ఫ్లోరిడా అనగానే "ఉప్పునీళ్లు, వద్దు" అంటారు. అన్నీ అలా కావు. నాటిక్ బోట్లు తయారుచేసే కరెక్ట్ క్రాఫ్ట్ కంపెనీ 1925 నుంచి ఉన్నది ఆ రాష్ట్రంలోనే, ఇప్పుడు ఓర్లాండోలో. చుట్టూ మంచినీటి లేకులే. ఏ నీళ్లలో తిరిగిందో ట్రైలర్ చెప్పేస్తుంది. రంగు వేసిన ఉక్కు ట్రైలర్ అయితే మంచినీళ్ల బోటు అయ్యే అవకాశం ఎక్కువ. గాల్వనైజ్డ్ లేదా అల్యూమినియం ట్రైలర్ ఉండి, ఇంజన్ బోల్టుల మీద తెల్లటి పొడి, టవర్ (తాడు కట్టే పై ఫ్రేము) కాళ్ల దగ్గర పెయింట్ బుడగలు కనిపిస్తే సముద్రం వాసన పట్టిన బోటే. మా 54,000 డాలర్ల ఫ్లోరిడా బోటు ఫొటోల్లో బిల్జ్‌ది, అంటే ఇంజన్ కింద బోటు లోపలి అడుగుభాగానిది, ఒక్కటీ లేదు. రెండుసార్లు అడిగాం, రెండుసార్లూ సూర్యాస్తమయం ఫొటోలే వచ్చాయి. దాన్ని వద్దనడానికి మాకు పైసా ఖర్చు కాలేదు.

గంటలా, ఏళ్లా

190 గంటలది 310 గంటలదాని కన్నా మంచిదని మొదట అందరం అనుకున్నాం. తొమ్మిదేళ్లలో 190 గంటలంటే కొన్ని వేసవులు అసలు నీళ్లలో దిగలేదన్నమాట. నిలబడిపోయిన ఇంజన్లో రబ్బరు ఎండుతుంది, పెట్రోలు పాతబడుతుంది, పంపుల్లో నీళ్లు తోసే రబ్బరు చక్రం, ఇంపెల్లర్, రెక్కలు ఒక పక్కకు వంగి అలాగే బిగుసుకుంటాయి. ఏటా యాభై, అరవై గంటలు తిరిగి, ప్రతి ఏడాదీ ఆయిల్, ఇంపెల్లర్ మార్చిన రసీదులున్న బోటు నా లెక్కలో మేలు. 500 గంటలున్నా సరే, ఫైలు మందంగా ఉంటే వెళ్లి చూస్తాను. ఇంకో సంగతి: డ్యాష్ మీద కనిపించే గంటలు డ్యాష్ స్క్రీన్ మార్చినప్పుడు మారొచ్చు. ఇంజన్ కంప్యూటర్‌లో ఉండే లెక్క వేరు. డయాకామ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉన్న మెకానిక్ దాన్ని చదివి చెబుతాడు.

మోడల్ ఏడాది విషయంలో ఒక గీత ఉంది. బోటును ఒక పక్కకు ఒరగబెట్టకుండానే సర్ఫ్ అల తెచ్చే పలకలు, అంటే మాలిబు సర్ఫ్ గేట్ లాంటివి, 2013 మోడళ్లతో మొదలై తర్వాతి ఒకటి రెండేళ్లలో మిగతా పెద్ద కంపెనీల్లోకీ వచ్చాయి. అంతకుముందు బోట్లలో కుడివైపు సర్ఫ్ చేయాలంటే కుడివైపు ట్యాంకులు నింపాలి, ఎడమకు మారాలంటే అవి దించి ఇటు నింపాలి. ముగ్గురు పిల్లల్లో ఒకరు ఎడమకాలి వాళ్లైనా మధ్యాహ్నమంతా నీళ్లు తోడుకోవడంతోనే సరిపోతుంది. 2012 నాటి బోటు పది వేలు తక్కువకు వస్తుంటే ఈ సంగతి గుర్తుంచుకుని చూడండి.

బ్రాండ్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మాస్టర్‌క్రాఫ్ట్, మాలిబు, సూప్రా మూడూ టెనెసీవి. యాక్సిస్ అంటే మాలిబు వాళ్ల తక్కువ ధర వరస, మూంబా అంటే సూప్రా వాళ్లది. టీజే మన టెక్సస్‌లోని అబిలీన్‌ది. ఇంతకు ముందు వేక్ బోటు నడపనివాళ్లకు యాక్సిస్, మూంబా లాంటివే చాలు. స్క్రీన్లు తక్కువ, పాడయ్యేవీ తక్కువే. పేరు కోసం పదిహేను వేలు ఎక్కువ పెట్టేబదులు ఇంటికి దగ్గర్లో ఏ కంపెనీ డీలర్ ఉన్నాడో చూసుకోండి. జూన్ నెలలో రిపేరుకు రెండు గంటలు నడపాల్సి వస్తే అప్పుడు తెలుస్తుంది. అవుట్‌బోర్డ్ (వెనక బయట తగిలించే ఇంజన్) ఉన్న మామూలు బోటు చవకగా దొరికిందని సర్ఫింగ్‌కు మాత్రం కొనకండి. వేక్ బోట్లలో ప్రొపెల్లర్ బోటు అడుగున ముందుకు ఉంటుంది కాబట్టి వెనక పిల్లవాడు పడినా దానికి అందడు. అవుట్‌బోర్డ్ ప్రొపెల్లర్ ఆ పిల్లవాడి వైపే ఉంటుంది.

మన కళ్లు ఎవరివి

ఇక్కడ మూడు దారులు. మనమే వెళ్లి చూడడం, అక్కడి మెకానిక్‌ను పెట్టడం, సర్వేయర్‌ను పెట్టడం. వేక్ బోటు ఎన్నడూ విప్పి చూడని నేను వెళ్లి చూస్తే సీట్లు మెత్తగా ఉన్నాయో లేదో చెప్పగలను, అంతే. శ్యామ్స్, న్యామ్స్ అనే రెండు సంస్థల గుర్తింపు ఉన్న మెరైన్ సర్వేయర్లు హల్ (బోటు బాడీ), స్ట్రింగర్లు (దాని లోపలి దూలాలు), వైరింగు బాగా చూస్తారు. బ్యాంకు లోనుకు, కొన్నిసార్లు ఇన్సూరెన్సుకు వాళ్ల రిపోర్టే అడుగుతారు. కానీ చాలామంది సర్వేయర్లు ఇంజన్ లోపలికి పోరు. పదేళ్ల బోటులో అసలు డబ్బు పోయేది ఇంజన్ దగ్గరే. అందుకే ఒక్కరినే పెట్టగలిగితే మెకానిక్‌ను పెట్టండి. లోను తీసుకుంటే ఇద్దరూ తప్పదు.

మెకానిక్‌ను ఎంచుకోవడంలో ఒక మెలిక ఉంది. ఆ బోటుకు ఏళ్ల తరబడి సర్వీసు చేసిన షాపుకే దాని గురించి అందరికన్నా ఎక్కువ తెలుసు. కానీ వాళ్ల కస్టమర్ అమ్మేవాడు, మనం కాదు. మేం ఆ షాపు నుంచి పాత రసీదులు మాత్రం తెప్పించుకుని, తనిఖీకి అదే కంపెనీకి చెందిన ఇంకో ఊరి డీలర్‌ను పిలిచాం. అరిజోనా బోటుకు అలాగే పంపిన మెకానిక్ 450 డాలర్లు తీసుకుని సాయంత్రానికి ఫోన్ చేశాడు. ఒక సిలిండర్ కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) మిగతావాటి కన్నా పాతిక శాతం తక్కువట. పది, పదిహేను శాతం లోపు తేడా అయితే సర్దుకోవచ్చు, ఇది అలా కాదు. డీలర్ "మా రీడింగ్ వేరే వచ్చింది" అన్నాడు. వచ్చే ఉంటుంది. మేం ఆ 450 డాలర్లతోనే బయటపడ్డాం. అదే డీలర్ దగ్గరికి విమానంలో వెళ్లి ఎదురుగా నిలబడి ఉంటే ఏం చేసేవాళ్లమో నాకు అనుమానమే.

మెకానిక్‌ను పంపేముందు మనం ఇంటి నుంచే చేయగలిగేది ఒకటుంది: కోత లేని వీడియో కాల్. ట్రాన్సమ్ (బోటు వెనక గోడ) కుడివైపు చెక్కి ఉండే పన్నెండు అక్షరాల హల్ నంబరుతో మొదలుపెట్టమనండి. చివరి రెండు అంకెలు మోడల్ ఏడాది. ప్రకటనలో 2017 అని, నంబరు చివర 16 అని ఉంటే అక్కడే ఆగండి. అక్కడి నుంచి కెమెరా ఆపకుండా డ్యాష్ మీద గంటలు, తర్వాత ఇంజన్ మూత తెరిచి దాని మీద చెయ్యి పెట్టించడం, అది చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించడం. మీరు ఫోన్ చేసేసరికి ఇంజన్ వేడిగా ఉందంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ అవడంలో ఏదో ఇబ్బంది ఉందేమోనని అనుకోవాలి. ఫోన్లో చెయ్యి పెట్టమని అడగడం మొదట మొహమాటంగా అనిపించింది. మినెసోటా పెద్దాయన నవ్వి, చెయ్యి పెట్టి, "కోల్డ్ యాజ్ ఎ ఫిష్" అన్నాడు.

బండి కట్టి చూడడం

తాత పద్ధతి ఇక్కడ పనికొచ్చింది. బోటు అమ్మేవాళ్లు ట్రయల్ అనగానే ఖాళీ బోటును గంటకు 35 మైళ్ల వేగంతో పరిగెత్తించి చూపిస్తారు. జుట్టు ఎగురుతుంది, మనం మురిసిపోతాం. ఆ పరుగు వల్ల పెద్దగా తెలిసేదేమీ లేదు. వేక్ బోటు బతుకంతా గంటకు 10, 12 మైళ్ల వేగంతో, ట్యాంకుల్లో రెండు వేల పౌండ్లకు పైగా నీళ్లు మోస్తూ, ముక్కు పైకెత్తి, ఆయాసపడుతూ సాగుతుంది. అలాగే పరీక్షించాలి. ట్యాంకులన్నీ నింపమనండి, ఏ ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండిందో రాసుకోమనండి. ఒకటి నిండకపోతే పంపో, ఇంపెల్లరో పోయినట్టు. సర్ఫ్ పలకలు రెండు వైపులా తెరిచి మూయాలి. నిండు బరువుతో ఇరవై నిమిషాలు అదే వేగంలో నడిపి టెంపరేచర్ ముల్లు నిలకడగా ఉందా, క్రూజ్ వేగం పట్టుకుని ఉందా చూడాలి. తర్వాత ట్యాంకులు దించి, ఖాళీగా ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, ఇంజన్ పుస్తకంలో చెప్పినన్ని తిరుగుళ్లు అందుకుంటుందో లేదో చూడాలి. స్టీరింగ్‌లోనో, కాళ్ల కిందో వణుకు తెలిస్తే ప్రొపెల్లర్ దెబ్బతిందన్నా అనుకోవాలి, షాఫ్ట్ వంగిందన్నా అనుకోవాలి. మొదటిది వందల్లో తేలిపోతుంది, రెండోది తేలదు.

ఈ పరీక్షకు నీళ్లు కావాలి, దాంతో నెల ప్రశ్న వస్తుంది. ఉత్తరాదిలో అక్టోబరు, నవంబరుల్లో ధరలు తగ్గుతాయి. శీతాకాలం షెడ్డు అద్దె కట్టేముందే వదిలించుకోవాలని చూస్తారు. కానీ ఒకసారి వింటరైజ్ చేశాక ఏప్రిల్ దాకా నీళ్లలోకి దించరు, దించడానికి లేక్ మీద గడ్డ కరగదు. బోటు అడుగున నీళ్లు లాక్కునే రంధ్రానికి పట్టే ఫేక్-ఎ-లేక్ అనే గిన్నె లాంటి పరికరం పెట్టి, తోట పైపుతో నీళ్లిచ్చి స్టార్ట్ చేసి చూపిస్తారు. అది ఖాళీ ఎద్దును వాకిట్లో తిప్పడమే. లేబర్ డే (సెప్టెంబరు మొదటి సోమవారం) తర్వాత రెండు మూడు వారాలు నా దృష్టిలో అన్నిటికన్నా మంచి సమయం. సీజన్ అయిపోయిందన్న తొందర అమ్మేవాడికి ఉంటుంది, నీళ్లు ఇంకా నీళ్లలాగే ఉంటాయి. జనవరిలో ఆశపడితే, వసంతంలో నీళ్ల మీద పరీక్ష నెగ్గాకే మిగతా డబ్బు అన్న షరతుతో తీసుకోండి. ఒప్పుకోకపోతే వదిలేయండి.

కాగితం, డబ్బు

అడ్వాన్సు 500, మహా అయితే 1,000. "తనిఖీ, నీళ్ల మీద పరీక్ష నచ్చకపోతే తిరిగి ఇవ్వాలి" అని ఈమెయిల్లోనైనా సరే రాయించుకున్నాకే. ఆ ఒక్క వాక్యం రాయడానికి వెనకాడే మనిషి దగ్గర బోటు ఎంత బాగున్నా నేను కొనను.

కారు కొన్న అలవాటుతో టైటిల్ (యాజమాన్య పత్రం) అన్ని చోట్లా ఉంటుందనుకుంటాం. జార్జియా లాంటి రాష్ట్రాల్లో బోట్లకు టైటిలే ఇవ్వరు, రిజిస్ట్రేషను, బిల్ ఆఫ్ సేల్ (అమ్మకపు కాగితం) మాత్రమే. అక్కడి లేక్ లేనియర్ బోటు చూస్తుంటే దాని మీద ఎవరికైనా అప్పుందో లేదో వేరేగా వెతికించుకోవాలి. టైటిలున్న చోట కూడా లీన్ (బోటు మీద తీరని అప్పు) ఉంటే డబ్బు అమ్మేవాడికి ఇవ్వకుండా నేరుగా బ్యాంకుకు, ఎంత కడితే అప్పు తీరుతుందో చెప్పే పే-ఆఫ్ లెటర్ చూసి కట్టండి. ట్రైలర్ వేరే వస్తువు. దాని నంబరు వేరు, టైటిల్ వేరు. టెక్సస్‌లో బోటు పని పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల దగ్గర, ట్రైలర్ పని కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. కాబట్టి బిల్ ఆఫ్ సేల్‌లో బోటుకెంత, ట్రైలర్‌కెంత అని విడివిడిగా రాయించుకోండి. మేం రాయించుకోలేదు. రెండో కాగితం కోసం పెద్దాయనను మళ్లీ ఇబ్బంది పెట్టాల్సి వచ్చింది.

డబ్బు ఇవ్వడానికి అన్నిటికన్నా నమ్మకమైన చోటు అమ్మేవాడి బ్యాంకు బ్రాంచి. ఇద్దరూ కౌంటర్ ముందు నిలబడి క్యాషియర్స్ చెక్కు, టైటిల్ చేతులు మార్చుకోవడం. వైర్ చేస్తే వెనక్కి రాదు. ఎస్క్రో, అంటే బేరం తెగేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంచడం, మంచిదే, కానీ ఆ ఎస్క్రో కంపెనీని మీరు ఎంచుకోవాలి, లింకు మీరు టైప్ చేయాలి. "నేను ఊళ్లో లేను, బోటు షిప్పింగ్ కంపెనీ గోడౌన్లో ఉంది, ఈ ఎస్క్రో లింకులో కడితే ఇంటికే వస్తుంది" అని ఎవరైనా అంటే, ధర కూడా మార్కెట్ కన్నా పదిహేను వేలు తక్కువుంటే, అక్కడ బోటే లేదనుకోండి.

తెచ్చుకోవడం

బోటు, ట్రైలర్ కలిపి దాదాపు 6,500 నుంచి 8,000 పౌండ్లు. మనవాళ్ల ఇళ్ల ముందు ఎక్కువగా కనిపించే బళ్లలో ఆడిసీ, మోడల్ వై లాగగలిగేది 3,500, హైలాండర్ 5,000. కాబట్టి ట్రక్కు కావాలి, లేదా తెచ్చిపెట్టే మనిషి కావాలి.

హాలర్లు, అంటే బోట్లు లాక్కొచ్చేవాళ్లు, దూరాన్ని బట్టి మైలుకు రెండున్నర, మూడు డాలర్ల దాకా అడిగారు. ఐ-35 మన పక్కనుంచే పోయి నేరుగా మినియాపోలిస్‌కు చేరుతుంది, దాదాపు 950 మైళ్లు. అంటే 2,400 నుంచి 2,850. ఆన్‌లైన్లో తక్కువకు పాడేవాళ్లలో కొందరు బ్రోకర్లే, బండి ఇంకెవరిదో. డాట్ నంబరు (కేంద్ర రవాణా శాఖ నంబరు) తీసుకుని ఫెడరల్ మోటార్ క్యారియర్ వాళ్ల సైటులో లైసెన్సు, ఇన్సూరెన్సు చూడండి. ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. హాలర్ మన ట్రైలర్‌నే తన పికప్‌కు తగిలించుకుని లాగితే టైర్లు మనవి, బేరింగులు మనవి. మిసోరీలో టైరు పేలితే బాధ్యత ఎవరిదని అడిగితే ఎవరూ సూటిగా చెప్పలేదు.

మా బావమరిది ట్రక్కుంది కాబట్టి మేమే వెళ్లాం, అదీ మెకానిక్ రిపోర్టు చేతికొచ్చాక, సర్వే అయిపోయాక. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. మా ట్రైలర్ టైర్లు బోటంత పాతవి. గాలి, గీతలు అన్నీ బాగున్నా పెద్దాయన ఊళ్లోనే నాలుగూ మార్పించి, బేరింగులకు గ్రీజు పెట్టించి బయలుదేరాం. టవర్ మడిచి, బిమిని (నీడకు కట్టే గుడ్డ పందిరి) విప్పి, ట్యాంకుల్లో చుక్క నీరు లేకుండా దించి. రేవులో కప్పే కవరు వేసుకుని హైవే ఎక్కితే ఓక్లహోమా వచ్చేసరికి పీలికలవుతుంది, లాగడానికి తగిన కవరు వేరే ఉంటుంది. పెట్రోలుకు ఆగిన ప్రతిచోటా చక్రాల హబ్బు మీద చెయ్యి పెట్టి చూశాం. వెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి ఆనించలేకపోతే బేరింగు పోయినట్టే. ఇన్సూరెన్సు మాత్రం డబ్బు కట్టే రోజునుంచే మొదలవ్వాలి, ఇంటికొచ్చాక కాదు.

గుమ్మం ధర

హీటర్, టైర్లు చూపించి బేరమాడాక మినెసోటా బోటు 60,000కు తెగింది. టెక్సస్ పన్ను 6.25 శాతం, అంటే 3,750. మెకానిక్, సర్వేయర్ కలిపి 1,000. దారి ఖర్చులు, రెండు రాత్రులు హోటలు 900. టైర్లు, బేరింగులు 900. మొత్తం 66,550. ఇంటి పక్క బోటు మహా అయితే 67,000కు దిగేది. పన్నుతో 71,187. తేడా దాదాపు 4,600 డాలర్లు. దీనిలోంచి అరిజోనాలో పోగొట్టుకున్న 450 తీసేయండి, మూడు రోజుల సెలవులు కూడా తీసేయండి.

అంత తిరిగి ఇంతేనా అని మా వదిన అడిగింది. నిజమే. తేడా రెండు వేల లోపుంటే నేను ఇంటి పక్కదే కొనమంటాను. ఆదివారం పొద్దున ఏదైనా ఆగిపోతే పాత ఓనరును పిలిచి అడగొచ్చు, చుట్టుపక్కల డీలరే సర్వీసు చేసి ఉంటాడు. నాలుగు వేలు దాటినప్పుడే దూరం ఎక్కండి, అదీ రసీదుల ఫైలు మందంగా ఉంటే. ఎనిమిది వేలు, పది వేలు తేడా కనిపిస్తే మళ్లీ ఆగండి, ఆ తేడాకు కారణం ఆ ఫొటోల్లో ఎక్కడో కనపడకుండా ఉంది.

ఇంటికి తెచ్చిన మొదటి వారంలో రసీదులు ఏం చెప్పినా ఇంజన్ ఆయిల్, ట్రాన్స్‌మిషన్ ఆయిల్, నీళ్ల పంపు ఇంపెల్లర్ మార్చేయండి. ఇంపెల్లర్ విప్పినప్పుడు రెక్కలన్నీ ఉన్నాయో లెక్కపెట్టండి. ఒకటి తక్కువైతే అది లోపలి గొట్టాల్లో ఎక్కడో ఇరుక్కుని నీటిదారి మూస్తుంటుంది, వెతికి తీయాలి. 1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లెవరైనా అర్హత ఉన్న పెద్దవాళ్లు పక్కన లేకుండా స్టీరింగు పట్టాలంటే టెక్సస్ బోటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి. మా మూడు ఇళ్ల పిల్లల్లో కాలేజీవాళ్లకు అది పరీక్ష రాసే పని, పదమూడేళ్ల లోపు వాళ్లకు బోటు కదులుతున్నంతసేపూ లైఫ్ జాకెట్ విప్పకపోవడమే పని. టైటిల్ ముగ్గురి పేర్ల మీద రాయించాలా ఒక్కరి పేరు మీదా అన్న పంచాయితీ మాత్రం ఇంకా నడుస్తోంది. బోటు ప్రస్తుతానికి ట్రక్కున్నాయన వాకిట్లోనే ఉంది.